పాత నెట్‌బుక్కులో టోరెంట్లు దించుకోవడానికి నల్లతెర ప్రోగ్రాము ఏది మేలు?

ఉదయగిరి_చెంచా (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో సైన్సు చెబుతాను. పేరు చూసి నవ్వకండి, మా ఊరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, నాకే లేదు అది.

సంగతి ఏమిటంటే, సాయంత్రాలు పిల్లలు చదువుకునే గది ఒకటి నడుపుతున్నాను. దాతలు ఇచ్చిన పాత నెట్‌బుక్కులు నాలుగు ఉన్నాయి. 1 జీబీ మెమరీ, 32 బిట్ల ప్రాసెసరు. ఒకదానిలో పూర్వ విద్యార్థి ఒకడు లినక్స్ పెట్టి వెళ్లాడు. మిగిలిన మూడింటికీ డెబియన్ అనే లినక్స్ డీవీడీ ఫైలు, నెట్ లేకుండా చదువుకోవడానికి కివిక్స్ వాళ్ల తెలుగు వికీపీడియా ఫైలు దించుకోవాలి. బ్రౌజరులో దించబోతే సగంలో తెగిపోయి మళ్లీ మొదటికి వస్తోంది. టోరెంటు (ఫైలును ముక్కలుగా ఇతరుల కంప్యూటర్ల నుంచి తెచ్చుకునే పద్ధతి) అయితే ఆగిన చోటి నుంచి అందుకుంటుందని విని, బొమ్మల కిటికీ ఉన్న ప్రోగ్రాము ఒకటి వేశాను. అది తెరుచుకోవడానికే రెండు నిమిషాలు. తెరుచుకున్నాక మౌసు కదలదు.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు కొట్టే నల్లతెరలో, నడిచే తేలికపాటి ప్రోగ్రాము ఏదైనా ఉంటే చెప్పండి. మా నెట్ మేడ మీద యాంటెన్నా పెట్టి ఇచ్చిన రకం. దిగుమతి సెకనుకు 4 మెగాబిట్లు, ఎగుమతి అర మెగాబిట్టు. కరెంటు సంగతి అడగకండి.

---

నెల్లూరు_నిర్వాహకుడు (శనివారం, రాత్రి 9:30)

మాస్టారూ, స్వాగతం. కొత్తవాళ్ల కోసం ఒక మాట: ఇక్కడ అంతా తెలుగు లిపిలోనే రాయాలన్నది మన పాత నియమం, ఆదేశాలు కూడా. చదివేవాళ్లు టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతో కొట్టుకోవాలి. అడ్డగీతలు, ఈక్వల్ గుర్తులు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

---

కావలి_ఔట్‌పోస్ట్ (శనివారం, రాత్రి 9:51)

మాస్టారూ, మీకు ఆరియా2 చాలు. ఇంకేమీ వెతకవద్దు.

జపానుకు చెందిన తత్సుహిరో త్సుజికావా రాసిన ప్రోగ్రాము ఇది. మామూలు డౌన్‌లోడు, ఎఫ్‌టీపీ, బిట్‌టోరెంట్, మెటాలింక్ అన్నీ ఒక్కటే చూసుకుంటుంది. టోరెంటు నడిపేటప్పుడు మామూలుగా 9 ఎంబీ మెమరీ సరిపోతుందని వాళ్ల సైటులోనే రాశారు. నా పాత యంత్రంలో అంతకన్నా కొంచెం ఎక్కువే తీసుకుంది గానీ, మీ కిటికీల ప్రోగ్రాముతో పోలిస్తే ఏనుగు పక్కన ఎలుక.

డెబియన్‌లో ఆప్ట్ (ప్రోగ్రాములు వేసే ఆదేశం) ద్వారా ఆరియా2 అనే పేరుతో దొరుకుతుంది. పిలిచేటప్పుడు మాత్రం చివర సీ చేర్చాలి. అది మరిచిపోయి "ఆదేశం లేదంటోంది" అని నన్ను అడిగినవాళ్లు ఒకరా ఇద్దరా.

ఆరియా2సీ డెబియన్.టోరెంట్

అంతే. ఇది కొడితే మొదలవుతుంది.

ఒక ముఖ్య విషయం. డెబియన్ 13 ఆగస్టు 2025లో వచ్చింది, అందులో 32 బిట్ల యంత్రాలకు ఇన్‌స్టాలరు తీసేశారు. మీరు 12వ సంచికే దించుకోవాలి. 13 దించి, పెన్‌డ్రైవులో ఎక్కించి, నెట్‌బుక్కు పలకడం లేదని బాధపడతారేమోనని ముందే చెబుతున్నాను.

---

ఒంగోలు_గిత్త (శనివారం, రాత్రి 10:05)

ఆరియా2 మంచిదే, కాదనను. కానీ అది కూలికి వచ్చిన మనిషి లాంటిది. పని చెప్పాలి, చేసి వెళ్లిపోతుంది. ఇరవై టోరెంట్లు పెట్టుకుని నెలల తరబడి నడపాలంటే ఆర్‌టోరెంట్‌కు సాటి లేదు. యారి సుండెల్ రాసింది. తెర మీద వరుసగా అన్నీ కనిపిస్తాయి, బాణం మీటలతో లోపలికి వెళితే ఎవరి దగ్గర నుంచి ఏ ముక్క వస్తోందో కూడా చూడవచ్చు. ఒక ఫోల్డరును కాపలా కాయమని చెబితే అందులో టోరెంటు ఫైలు పడగానే దానంతటదే మొదలుపెడుతుంది.

పదేళ్లుగా వాడుతున్నాను. మార్చే ఉద్దేశం లేదు.

---

కావలి_ఔట్‌పోస్ట్ (శనివారం, రాత్రి 10:11)

గిత్త గారు వచ్చారంటే ఆర్‌టోరెంట్ రాకుండా ఉంటుందా. మాస్టారికి కావలసింది రెండు ఫైళ్లండీ. రెండు ఫైళ్లకు తెరనిండా పట్టీలు ఎందుకు?

---

కోవూరు_కలువ (శనివారం, రాత్రి 10:40)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. డబ్ల్యూగెట్‌తో (వెబ్ ఫైళ్లు దించే ఆదేశం) టోరెంటు దించవచ్చా? నేను ప్రయత్నిస్తే ఒక్క సెకనులో అయిపోయింది, ఫైలు మాత్రం చాలా చిన్నదిగా ఉంది.

---

కావలి_ఔట్‌పోస్ట్ (శనివారం, రాత్రి 10:52)

అమ్మా, నీకు దొరికింది పెళ్లి శుభలేఖ, పెళ్లి భోజనం కాదు. చుక్క టోరెంట్ ఫైలులో అసలు సరుకు ఉండదు. సరుకును ఎన్ని ముక్కలు చేశారు, ఒక్కో ముక్క వేలిముద్ర ఏమిటి, ట్రాకరు (ఆ ఫైలు ఎవరెవరి దగ్గర ఉందో చెప్పే సర్వరు) చిరునామా ఏమిటి, ఇవే ఉంటాయి. డబ్ల్యూగెట్‌కు గానీ కర్ల్‌కు గానీ బిట్‌టోరెంట్ భాష రాదు. శుభలేఖ తెచ్చి చేతిలో పెట్టి ఊరుకుంటాయి. ఆరియా2కు టోరెంటు ఫైలు ఉన్న వెబ్ చిరునామా ఇస్తే శుభలేఖ తెచ్చుకుని, చదువుకుని, భోజనానికి కూడా అదే వెళుతుంది.

---

కోవూరు_కలువ (శనివారం, రాత్రి 10:58)

అర్థమైంది అన్నా. ఆకలి కూడా వేసింది.

---

ఉదయగిరి_చెంచా (ఆదివారం, ఉదయం 11:20)

కావలి గారి మాట ప్రకారం ఆరియా2 వేశాను. డెబియన్ 12 టోరెంటు ఇచ్చి, నేరుగా పెన్‌డ్రైవులోకే దించమన్నాను. పావుగంట అయినా ఒక్క బైటు దిగలేదు. తెర మీద "ఫైల్‌అలాక్" అని రాసి పక్కన శాతం మెల్లగా పెరుగుతోంది. నెట్ చూస్తే ఖాళీగా ఉంది. కివిక్స్ వాళ్లదే వేరే జిమ్ రకం ఫైలు, 4 జీబీ దాటినది, ప్రయత్నిస్తే కొంతసేపు ఇలాగే నడిచి చివరికి తప్పు చూపించి ఆగిపోయింది. తేలిక ప్రోగ్రాము అన్నారు, ఇదేమి తేలిక?

---

కావలి_ఔట్‌పోస్ట్ (ఆదివారం, ఉదయం 11:48)

తప్పు నాదే, చెప్పవలసింది చెప్పలేదు. ఇక్కడ రెండు చిక్కులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

మొదటిది. ఆరియా2 డౌన్‌లోడు మొదలుపెట్టకముందే ఫైలుకు కావలసిన చోటంతా పట్టుకుంటుంది. పట్టుకునే పద్ధతి మామూలుగా ప్రీఅలాక్, అంటే మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసుకుంటూ పోవడం. డెబియన్ డీవీడీ దాదాపు 3.7 జీబీ. మీ పెన్‌డ్రైవు సెకనుకు 5 ఎంబీ రాస్తుందనుకుంటే ఒక్క సున్నాలకే పన్నెండు నిమిషాలు పైన. వరినాట్లకు ముందు మడి మొత్తం చదును చేస్తున్నట్టన్న మాట. ఆగిపోలేదు, పని చేస్తోంది.

రెండోది. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది. అందులో ఒక ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే పడుతుంది. డెబియన్ కొద్దిలో బతికింది, మీ జిమ్ ఫైలు బతకలేదు.

సున్నాలు రాయవద్దని చెప్పే ఎంపిక ఉంది, నన్ అని ఇవ్వాలి. కానీ ఫ్యాట్32లో అదీ పెద్దగా ఉపయోగపడదు. టోరెంటు ముక్కలు వరుసగా రావు. చివరి ముక్క ముందొస్తే, దానిని రాయడానికి ముందున్న ఖాళీ అంతా ఆ ఫైల్‌సిస్టమే సున్నాలతో నింపుతుంది. అత్త కొట్టలేదు కానీ తోడికోడలు కొట్టింది.

కాబట్టి నెట్‌బుక్కు లోపలి డిస్కులోకే దించండి. అది ఈఎక్స్‌టీ4 అయి ఉంటుంది. దానికి ఫాలాక్ పద్ధతి ఇస్తే చోటు పట్టుకోవడం రెప్పపాటులో అయిపోతుంది:

ఆరియా2సీ --ఫైల్-అలొకేషన్=ఫాలాక్ డెబియన్.టోరెంట్

దిగాక పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. పెద్ద జిమ్ ఫైలు కోసం పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి.

---

మైపాడు_చెరువు (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

ఇప్పుడే చూస్తున్నాను. రొయ్యల చెరువుల మీద ఉంటాను. గట్టు మీద గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి ఉంది, కెమెరాల కోసం పెట్టింది. దానిలోనే ట్రాన్స్‌మిషన్ డెమన్ (తెర వెనుక నడిచే టోరెంటు ప్రోగ్రాము) నడుపుతున్నాను. కిటికీ లేదు, తెర లేదు. ఫోనులో బ్రౌజరు తెరిచి 9091 పోర్టుకు వెళితే అన్నీ కనిపిస్తాయి. ఆదేశాలతో కావాలంటే ట్రాన్స్‌మిషన్-రిమోట్ ఉంది.

నేను పడిన గోతులు రెండు చెబుతాను, మాస్టారు పడకుండా.

దాని అమరికలన్నీ సెట్టింగ్స్ డాట్ జేసన్ అనే ఫైలులో ఉంటాయి. నేను ఆ ఫైలు తెరిచి ఎగుమతి వేగం తగ్గించి, భద్రపరిచి, డెమన్‌ను ఆపి మళ్లీ నడిపేవాడిని. ప్రతిసారీ నా మార్పు మాయం. మూడు రోజులు నా కళ్ల మీదే అనుమానం వచ్చింది. తీరా చూస్తే, డెమన్ ఆగేటప్పుడు తన బుర్రలో ఉన్న పాత అమరికలను ఆ ఫైలు మీద మళ్లీ రాసి పోతుంది. ముందు ఆపాలి, తరువాత మార్చాలి, ఆ తరువాత నడపాలి. ఈ వరుస తప్పితే మన రాత చెరిపి దాని రాత రాస్తుంది.

రెండోది దీనికన్నా ఖరీదైనది. దించిన ఫైళ్లు బయటి యూఎస్‌బీ డిస్కులో పడేలా పెట్టాను. ఒక రాత్రి ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యేసరికి ఓల్టేజీ పడిపోయి రాస్ప్‌బెర్రీ పై ఆగి మళ్లీ లేచింది. డిస్కు మాత్రం లేవలేదు. డిస్కు తగిలించే ఫోల్డరు అయితే ఉంది కదా, ఖాళీగా. ట్రాన్స్‌మిషన్‌కు ఏమి తెలుసు? ఆ ఖాళీ ఫోల్డరులోకే కొత్త టోరెంటును దించుతూ పోయింది. అంటే మెమరీ కార్డు మీదికి. తెల్లారేసరికి కార్డు నిండి కెమెరాలు ఆగిపోయాయి. చెరువులో దొంగలు పడినా కనిపించే దారి లేదు. ఇప్పుడు డిస్కు తగిలి ఉంటేనే డెమన్ లేచేలా చిన్న స్క్రిప్టు పెట్టాను. మౌంట్‌పాయింట్ అనే ఆదేశంతో అది ముందుగా చూసుకుంటుంది.

---

ఒంగోలు_గిత్త (ఆదివారం, సాయంత్రం 4:02)

ఆర్‌టోరెంట్ అయితే ఆ జేసన్ గొడవే ఉండదు. దాని ఆర్‌సీ అనే అమరికల ఫైలును అది చదువుతుందే గానీ రాయదు.

---

కోవూరు_కలువ (ఆదివారం, సాయంత్రం 6:30)

గిత్త గారి మాట నమ్మి ఆర్‌టోరెంట్ వేశాను. కంట్రోల్ ఎస్ నొక్కితే మొదలవుతుందని చదివాను. నొక్కాను. తెర మొత్తం బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా పలకడం లేదు. ఎక్కడో కంట్రోల్ క్యూ నొక్కమన్నారు. నొక్కాక తెర కదిలింది. టోరెంటు మాత్రం మొదలవలేదు.

---

ఒంగోలు_గిత్త (ఆదివారం, సాయంత్రం 6:44)

అది ఆర్‌టోరెంట్ తప్పు కాదమ్మా. టెర్మినల్ అనేది పాత టైపు యంత్రాల కాలం నుంచి వస్తున్న వస్తువు. కంట్రోల్ ఎస్ అంటే "ఆగు, రాయడం ఆపు" అని దానికి అర్థం, కంట్రోల్ క్యూ అంటే "ఇక కానివ్వు" అని. ఆర్‌టోరెంట్‌లో అవే మీటలకు మొదలుపెట్టడం, మూసేయడం అని అర్థాలు. ఒకే పిలుపుకు ఇద్దరు పలికినట్టయింది. ఆర్‌టోరెంట్ తెరవడానికి ముందు ఇది కొట్టు:

ఎస్‌టీటీవై స్టాప్ అన్‌డెఫ్

టెర్మినల్ ఆ మీట మీద హక్కు వదులుకుంటుంది.

---

కావలి_ఔట్‌పోస్ట్ (ఆదివారం, సాయంత్రం 6:47)

పదేళ్లుగా వాడుతున్నవారు ఇది మొదటి టపాలో చెప్పి ఉండవచ్చు కదా!

---

ఒంగోలు_గిత్త (ఆదివారం, సాయంత్రం 6:50)

ఫైల్‌అలాక్ సంగతి మీరు చెప్పినట్టే.

---

ఉదయగిరి_చెంచా (సోమవారం, రాత్రి 8:25)

డిస్కులోకి దించుతున్నాను. ఫాలాక్ పెట్టగానే వెంటనే మొదలైంది. మొదట సెకనుకు 450 కేబీ దాకా వచ్చింది, సంతోషించాను. పది నిమిషాల తరువాత 60కి పడిపోయింది. ఇంట్లో ఫోనులో సందేశాలు కూడా వెళ్లడం లేదు. ఆరియా2ను ఆపేస్తే అన్నీ మామూలవుతున్నాయి. టోరెంట్లను మా నెట్ వాళ్లే నొక్కేస్తున్నారా?

---

టంగుటూరు_తీగ (సోమవారం, రాత్రి 9:10)

మాస్టారూ, కేబుల్ నెట్ పని చేసేవాడిని, మీ నెట్ వాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి. ఇందులో వాళ్ల ప్రమేయం ఉండనక్కరలేదు.

మీ ఎగుమతి అర మెగాబిట్టు, అంటే సెకనుకు దాదాపు 60 కేబీ. టోరెంటు దించేటప్పుడే అందిన ముక్కలను ఇతరులకు పంపుతుంది కూడా. హద్దు పెట్టకపోతే ఆ 60 మొత్తం వాడేస్తుంది. ఇక్కడ మెలిక ఏమిటంటే, మనం ఏది దించుకున్నా "అందింది, తరువాతిది పంపు" అనే చిన్న చీటీలు అవతలికి వెళుతూ ఉండాలి. ఎగుమతి దారి నిండిపోతే ఆ చీటీలు వరుసలో ఇరుక్కుంటాయి. చీటీ రాలేదు కాబట్టి అవతలివాడు పంపడం తగ్గిస్తాడు. పంట కాలువ నిండుగా ఉన్నా, తూము తెరవమని చెప్పడానికి వెళ్లే మనిషి గట్టు మీద బండ్ల మధ్య చిక్కుకుపోయినట్టు.

ఎగుమతికి హద్దు పెట్టండి. ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు మించకుండా ఉంచితే చాలు:

--మ్యాక్స్-ఓవరాల్-అప్‌లోడ్-లిమిట్=40కె

ఇంకొకటి. ఇళ్లలో ఉండే చవక రౌటర్లు వందల కనెక్షన్లను ఒక్కసారి మోయలేవు. ఆరియా2 ఒక్కో టోరెంటుకు 55 మంది దాకా పెట్టుకుంటుంది. --బీటీ-మ్యాక్స్-పీర్స్=25 అని తగ్గించండి. వేగం తగ్గదు, రౌటరు ఊపిరి పీల్చుకుంటుంది.

---

మైపాడు_చెరువు (సోమవారం, రాత్రి 9:33)

తీగ గారూ, మీరు దొరికారు కాబట్టి అడుగుతున్నాను. రౌటరులో 51413 పోర్టు తెరిచాను. ట్రాన్స్‌మిషన్ మాత్రం ఇంకా మూసి ఉందనే చూపిస్తోంది. ఎందుకు?

---

టంగుటూరు_తీగ (సోమవారం, రాత్రి 9:50)

రౌటరులోకి వెళ్లి బయటి వైపు చిరునామా ఎంత ఉందో చూడండి. 100.64తో మొదలుకొని 100.127 దాకా ఏదైనా అయితే మీరు మా బోటి వాళ్ల ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నారు. ఆ అంకెల వరుసను 2012లో ప్రత్యేకంగా దీని కోసమే కేటాయించారు. ఐపీవీ4 చిరునామాలు చాలక, వందల ఇళ్లకు కలిపి ఒక్క బయటి చిరునామా ఇస్తున్నారు. మీ గది తలుపు మీరు తెరిచారు, అపార్ట్‌మెంటు గేటు మాత్రం మీ చేతిలో లేదు.

అయినా టోరెంటు ఆగదు. మీరు బయటికి వెళ్లి ఎవరినైనా పలకరించవచ్చు, ఎవరూ మిమ్మల్ని వెతుక్కుంటూ రాలేరు. అంతే తేడా. కొత్త తరహా ఐపీవీ6 చిరునామాలు ఇస్తున్న చోట ఈ బాధ చాలావరకు ఉండదు.

---

మైపాడు_చెరువు (సోమవారం, రాత్రి 10:04)

100.71. నా ఆదివారం మధ్యాహ్నం వృథా.

---

ఉదయగిరి_చెంచా (మంగళవారం, ఉదయం 6:15)

40కె పెట్టాక 430 దగ్గర నిలకడగా ఉంది. ఫోనులు కూడా నడుస్తున్నాయి. తీగ గారికి కృతజ్ఞతలు.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది. నెట్‌బుక్కు బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఉదయం అదే ఆదేశం మళ్లీ కొట్టాను, 71 శాతం నుంచి మొదలైంది. పోయేటప్పుడు 72 చూసిన గుర్తు. ఇంత పద్ధతిగా ఎలా గుర్తుపెట్టుకుంది?

---

కావలి_ఔట్‌పోస్ట్ (మంగళవారం, ఉదయం 7:02)

ఫోల్డరులో చూడండి. దిగుతున్న ఫైలు పక్కనే అదే పేరుతో, చివర చుక్క ఆరియా2 అని చిన్న ఫైలు ఉంటుంది. ఏ ముక్కలు వచ్చాయో అందులో రాసుకుంటుంది, నిమిషానికి ఒకసారి. హఠాత్తుగా కరెంటు పోతే ఆ చివరి నిమిషం లెక్క పోతుంది, అంతే. పని పూర్తయ్యాక దానిని తనే తీసేస్తుంది. మీరు మాత్రం "ఇదేదో చెత్త" అని చెరపకండి.

ఒకవేళ చెరిపినా కొంప మునగదు. చెక్-ఇంటెగ్రిటీ అనే ఎంపికకు ట్రూ అని ఇచ్చి నడిపితే, ఉన్న ఫైలును ముక్క ముక్కగా చదివి, వేలిముద్రలు సరిచూసి, సరిపోనివి మాత్రమే మళ్లీ తెచ్చుకుంటుంది. కరెంటు కోతలు పడిన ఫైలుకు చివర ఒకసారి ఈ పరీక్ష చేయించడం నాకు అలవాటు. లెక్కపుస్తకంలో "అందింది" అని పడి, సరుకు డిస్కు మీదికి చేరకముందే కరెంటు పోయే అవకాశం ఉంది కదా. మీ నెట్‌బుక్కుకు కొంచెం సేపు పడుతుంది, టీ తాగి రండి.

---

ఉదయగిరి_చెంచా (మంగళవారం, రాత్రి 9:05)

డెబియన్ దిగింది. పరీక్ష కూడా నెగ్గింది. కానీ వంద శాతం అయినా ఆరియా2 ఆగలేదు, "సీడ్" అని చూపిస్తూ పంపుతూనే ఉంది. మా నెట్‌కు నెలకు ఇంత అని పరిమితి ఉంది. సీడ్-టైమ్=0 ఇస్తే దిగగానే ఆగిపోతుందని చదివి, తెలుగు వికీపీడియాకు అలాగే పెట్టాలనుకుంటున్నాను. తప్పులేదు కదా?

---

ఒంగోలు_గిత్త (మంగళవారం, రాత్రి 9:20)

తప్పే. ఆడంబరంగా చెప్పను, సూటిగా అడుగుతాను. మీకు ఆ 3.7 జీబీ ఎవరు పంపారు? దిగిన వెంటనే మూసేయని వాళ్లు. అందరూ సున్నా పెట్టుకుంటే మీ ఫైలు 71 శాతం దగ్గరే నేటికీ ఉండేది.

---

కావలి_ఔట్‌పోస్ట్ (మంగళవారం, రాత్రి 9:41)

గిత్త గారితో ఈసారి ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి.

మాస్టారూ, దీని పుట్టుకలోనే ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. బ్రామ్ కోహెన్ 2001లో దీనిని రాసినప్పుడు పెట్టిన పద్ధతి ఇది: తనకు బాగా పంపుతున్న కొద్దిమందికే తనూ పంపుతుంది. పది సెకన్లకొకసారి లెక్క చూసుకుని, ఇవ్వని వాడిని పక్కన పెడుతుంది. మన ఊళ్లలో నాట్లప్పుడు బదులుకు వెళ్లినట్టు. కానీ కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కదా. అందుకని ముప్పై సెకన్లకొకసారి, లెక్క చూడకుండా, ఎవరో ఒకరికి ఊరికే ఇచ్చి చూస్తుంది. ఆ ఊరికే ఇచ్చే చెయ్యి లేకపోతే కొత్తవాడు గుమ్మం దాటలేడు.

డెబియన్ సంగతి వేరు, దానికి పంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తెలుగు ఫైళ్లకు పంపేవాళ్లు తక్కువ. కివిక్స్ టోరెంట్లలో వెబ్ సర్వరు చిరునామా కూడా ఉంటుంది కాబట్టి మనుషులు లేకపోయినా దిగుతుంది, అది నిజమే. అయినా మనవాళ్లు నలుగురు ఉంటే బాగుంటుంది.

మీ పరిమితిని కాదనడం లేదు. ఆరియా2 తనంతట తానే రేషియో 1.0 అయితే ఆగుతుంది, అంటే తీసుకున్నంత ఇచ్చాక. అంతకన్నా ఏమీ పెట్టనక్కరలేదు.

---

టంగుటూరు_తీగ (మంగళవారం, రాత్రి 10:15)

మీ ప్లానులో రాత్రి వాడకం లెక్కలోకి రాకపోతే ఇంకా సులువు. చాలా చోట్ల అలా ఇస్తున్నారు, మీ వాళ్లను అడగండి. క్రాన్‌లో (చెప్పిన వేళకు పని మొదలుపెట్టే ఏర్పాటు) రాత్రి ఒంటిగంటకు మొదలయ్యేలా పెట్టి, ఆరియా2కు --స్టాప్=14400 ఇవ్వండి. అది సెకన్లలో లెక్క, అంటే నాలుగు గంటలు. ఐదింటికి తనే మూసుకుంటుంది. మీరు లేవనక్కరలేదు. ఫైలు దిగిపోయాక మర్నాడు అదే ఆదేశం నడిచినప్పుడు ఉన్న ఫైలును సరిచూసుకుని పంపడం కొనసాగించాలంటే చెక్-ఇంటెగ్రిటీ కూడా జోడించండి.

---

కోవూరు_కలువ (బుధవారం, సాయంత్రం 5:50)

ఆర్‌టోరెంట్ వదిలేసి నేనూ ఆరియా2కు వచ్చాను, గిత్త గారు కోప్పడకండి. ఫైలు కాకుండా మ్యాగ్నెట్ లంకె ఇచ్చాను. గంట నుంచి సున్నా బైట్లు, కనెక్షన్లు సున్నా. మ్యాగ్నెట్లు పనిచేయవా?

---

కావలి_ఔట్‌పోస్ట్ (బుధవారం, సాయంత్రం 6:21)

పనిచేస్తాయి. మ్యాగ్నెట్‌లో శుభలేఖ కూడా ఉండదు, పెళ్లివారి ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది. మామూలుగా నలభై అక్షరాల గుర్తు. దానితో ఊరంతా అడుగుతూ పోవాలి. అలా అడగడానికి డీహెచ్‌టీ అనే పద్ధతి ఉంది, కానీ అడగడానికి ముందు ఊళ్లో ఒక్కరైనా తెలిసి ఉండాలి. నీ ఆరియా2 కొత్తది, దాని పరిచయాల పుస్తకం, డీహెచ్‌టీ డాట్ డ్యాట్ అనే ఫైలు, ఖాళీ. మ్యాగ్నెట్‌లో ట్రాకరు చిరునామా కూడా లేకపోతే గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

ఉపాయం చెబుతాను. ముందు డెబియన్ టోరెంటు ఫైలు ఒకటి పది నిమిషాలు నడుపు. దానికి సొంత ట్రాకరు ఉంది, మనుషులు దొరుకుతారు, వాళ్ల ద్వారా పుస్తకం నిండుతుంది. పద్ధతిగా మూసి, తరువాత మ్యాగ్నెట్ ఇవ్వు.

---

కోవూరు_కలువ (బుధవారం, సాయంత్రం 7:08)

దిగుతోంది!!

---

నెల్లూరు_నిర్వాహకుడు (బుధవారం, రాత్రి 8:00)

కొత్త సభ్యులొకరు మొన్ననే విడుదలైన సినిమాకు మ్యాగ్నెట్ అడుగుతూ రాసిన టపాను తొలగించాను. ప్రోగ్రాములో తప్పు లేదు, దానితో ఏమి దించుతున్నామన్నదే ప్రశ్న. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. టోరెంటులో దించేటప్పుడే పంచుతాం కూడా, అది మరవవద్దు. రెండోసారి అడిగితే ఖాతానే తొలగిస్తాను.

---

ఉదయగిరి_చెంచా (శుక్రవారం, రాత్రి 7:30)

నాలుగు నెట్‌బుక్కులూ లేచాయి. తెలుగు వికీపీడియా ఫైలు నాలుగింటిలో పెట్టాను. నిన్న తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉదయగిరి వ్యాసం తెరిచి, కోట గురించి తనకు తెలిసిన సంగతి ఒకటి అందులో లేదని నాతో వాదన పెట్టుకున్నాడు. నెట్ వచ్చినప్పుడు నువ్వే చేర్చు అన్నాను.

సీడ్-టైమ్ సున్నా పెట్టలేదు. రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా, తీగ గారు చెప్పినట్టు. గిత్త గారు తృప్తి పడతారని ఆశిస్తున్నాను.

---

ఒంగోలు_గిత్త (శుక్రవారం, రాత్రి 7:41)

రేషియో ఎంత?

---

ఉదయగిరి_చెంచా (శుక్రవారం, రాత్రి 7:44)

0.6.

---

ఒంగోలు_గిత్త (శుక్రవారం, రాత్రి 7:45)

పరవాలేదు.

---

కోవూరు_కలువ (శనివారం, రాత్రి 1:35)

పరీక్షలు, నిద్ర రావడం లేదు. నేనూ అదే తెలుగు వికీపీడియా ఫైలు దించుతున్నాను. ఎవరి దగ్గర నుంచి వస్తోందో చూడాలని ఈసారి ఆర్‌టోరెంట్‌లో తెరిచాను (ఎస్‌టీటీవై మరవలేదు). ఒక పీర్ పక్కన ఆరియా2 అని ఉంది, వేగం సరిగ్గా 40 కేబీ. మాస్టారూ, అది మీరేనా?

---

టంగుటూరు_తీగ (శనివారం, ఉదయం 6:20)

అవకాశం తక్కువమ్మా. ఇద్దరూ ఉమ్మడి చిరునామాల వెనుకే ఉండి ఉంటారు. ఒకరి గుమ్మం ఒకరు తట్టలేరు. ఆ పీర్ చిరునామాలో చుక్కలు కాకుండా రెండు చుక్కల గుర్తులు ఉంటే అది ఐపీవీ6, అప్పుడు కుదరవచ్చు.

---

కోవూరు_కలువ (శనివారం, ఉదయం 8:10)

రెండు చుక్కల గుర్తులే ఉన్నాయి!

---

ఉదయగిరి_చెంచా (శనివారం, ఉదయం 9:55)

నేను కాదమ్మా. నిన్న రాత్రి ఎనిమిది నుంచి మాకు కరెంటు లేదు. ఇప్పుడే వచ్చింది.